సర్వరుకి దగ్గరి దారి

నేరేడ్‌మెట్ చౌరస్తాలో టిఫిన్ సెంటర్ మీద, రెండో అంతస్తులో మా ఆఫీసు. బోర్డులో ‘సొల్యూషన్స్’ అన్న మాటలో ఒక అక్షరం మొన్నటి గాలివానకి ఊడిపోయింది గానీ వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. 1998 నవంబరులో వాజ్‌పేయి గారు వచ్చి హైటెక్ సిటీని ప్రారంభించినప్పుడు మా బ్యాచివాళ్ళంతా మాదాపూర్‌కి పరుగెత్తారు. నేను కదల్లేదు. ఇక్కణ్ణించి బస్సులు మారి వెళ్ళొచ్చేసరికి ఒక పూట పోతుంది, ఆ పూటలో ఇక్కడ ఒక ప్రోగ్రాం రాయొచ్చు అని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఇప్పటిదాకా తప్పలేదు. ప్రోగ్రాములే కొన్ని తప్పాయి.

నేను చేసేది అతుకుల పని. స్కూలుకి ఫీజుల సాఫ్ట్‌వేర్ ఉంటుంది, చిట్టీల కంపెనీకి వాయిదాల సాఫ్ట్‌వేర్ ఉంటుంది, రక్తపరీక్షల ల్యాబుకి రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ఉంటుంది. వాటిని తీసుకెళ్ళి వాళ్ళ మెయిల్ సర్వరుకీ డైరెక్టరీ సర్వరుకీ కలపాలి. మెయిల్ సర్వరంటే ఆ ఆఫీసు పోస్టాఫీసు. డైరెక్టరీ సర్వరంటే హాజరుపట్టీ లాంటిది: మనిషెవరు, ఏ సెక్షను, ఫోన్ నంబరెంత, ఏ తలుపు తాళం చేతికివ్వొచ్చు, అన్నీ అందులోనే. ఏపీఐ అంటే వాటి గోడకున్న కిటికీ. ఒక్కో పోస్టాఫీసుకి డజను కిటికీలు పెట్టి, ఏ కిటికీలో ఏం దొరుకుతుందో రాసిన బోర్డు మాత్రం లోపలివైపు తగిలించారు. ఎక్కడ నిలబడాలో చెప్పమని అమీర్‌పేటలో కోర్సు ముగించిన కుర్రాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. ఒక్కొక్కరికీ చెప్పలేక ఈ రాత.

నా సలహాలకి అడ్డం పడే మనిషి ఒకరున్నారు, ఆ సంగతి ముందే చెప్పేస్తాను. నేరేడ్‌మెట్‌లో రాయి విసిరితే మాజీ ఫౌజీ ఇంటి గేటుకి తగులుతుంది. మాకు తగిలినవారు పక్క వాటాలో ఉండే సుబేదార్ గారు. సర్వీసంతా సిగ్నల్స్‌లో చేశారు. నాలుగింటికి చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని, అంతా విని ఒక్క ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండటం నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్న ముఖ్యమైన విద్య.

ఇక మొదటి సలహా. పనేమిటో ముందు అడక్కండి. ఏపీఐని ముందు ఎంచుకోండి, పని దాని వెనకే నడిచొస్తుంది.

సైనిక్‌పురి వైపు ఒక స్కూలువాళ్ళు 2004లో వచ్చారు. ఫీజు బాకీ ఉన్న తల్లిదండ్రులకి నెలకోసారి మెయిల్ వెళ్ళాలి, అంతే. దీనికి ఎస్ఎంటీపీ చాలని పుస్తకాల్లో రాస్తారు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిపెట్టిన పద్ధతి అది. సర్వరుకి హలో చెప్పాలి, ఎవరు పంపుతున్నారో చెప్పాలి, ఎవరికో చెప్పాలి, ఉత్తరం చదివి వినిపించాలి, చివర ఒక లైనులో ఒంటరి చుక్క పెట్టాలి. 25వ నంబరు కిటికీ. నలభై ఏళ్ళు దాటినా అదే కిటికీ, అదే చుక్క. చేత్తో టైపు చేసి కూడా ఉత్తరం పంపొచ్చు. అంత చవక సరుకు వాడితే బిల్లులో ఏం రాస్తాం?

అందుకని నేను స్కూలు సర్వరు మీద ఔట్‌లుక్ ఎక్కించి, మా ప్రోగ్రాం ఆ ఔట్‌లుక్ చెయ్యి పట్టుకుని ఒక్కో ఉత్తరం రాయించేట్టు చేశాను. మనిషి ఎదురుగా లేని సర్వరు మీద ఇలా చేయొద్దని, చేస్తే తమకి సంబంధం లేదని మైక్రోసాఫ్ట్‌వాళ్ళే రాశారు. రాస్తారు, వాళ్ళకేం. మొదటి నెల ప్రోగ్రాం నడిపితే తెర మీద ఒక పెట్టె వచ్చింది: ఎవరో మీ అడ్రసుపుస్తకం ముట్టుకుంటున్నారు, ఒప్పుకుంటారా? 2000 మే నెలలో ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ‘ఐ లవ్ యూ’ వైరస్ ఇదే అడ్రసుపుస్తకం పట్టుకుని ప్రపంచమంతా ప్రేమలేఖలు పంపింది. ఆ దెబ్బకి మరుసటి నెలలోనే ఈ కాపలా పెట్టారు. అనుమతి ఇవ్వొచ్చు, కానీ ఒకసారి ఇస్తే 10 నిమిషాలే. అయితే ఏమైంది? స్కూలు అటెండరు కుర్రాణ్ణి రాత్రంతా సర్వరు ముందు కూర్చోబెట్టాం. 10 నిమిషాలకోసారి ‘ఎస్’ నొక్కడం వాడి డ్యూటీ. సర్వరు ముందు మనిషి ఉండాలన్నారు, ఉన్నాడు. తెల్లవారుజామున వాడికి కునుకు పట్టింది. కునుకు తర్వాతి అక్షరాలతో మొదలయ్యే పిల్లల తండ్రులు ఆ నెల ఫీజు కట్టలేదు.

సుబేదార్ గారి ప్రశ్న: “తమ్ముడూ, ఆ కుర్రాడి నైట్ అలవెన్సు బిల్లులో ఎక్కడ చూపించావు?”

రెండో సలహా వంశం గురించి. సంబంధాలు చూసేటప్పుడు ఏడు తరాలు చూసినట్టే ఏపీఐకి కూడా చూడాలి. ఎంత పాత వంశమైతే అంత నమ్మకం. మాపీ అనే పెద్దాయన్ని తీసుకోండి. సీ, సీ ప్లస్ ప్లస్ తప్ప వేరే భాష మాట్లాడడు, పెళ్ళిలో అలిగిన మేనమామలా అన్నీ తనకి అర్థమయ్యేట్టే జరగాలంటాడు. ఆయనతో మాట్లాడలేనివాళ్ళ కోసం మధ్యవర్తిని పుట్టించారు. ఆ మధ్యవర్తి మొదటి పేరు ఓలే మెసేజింగ్, తర్వాత యాక్టివ్ మెసేజింగ్, ఆ తర్వాత సీడీఓ. ఆ ఇంటిపేరుతోనే ఎన్‌టీకి సీడీఓఎన్‌టీఎస్, విండోస్ 2000కి సీడీఓసిస్, మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వరు ఎక్స్ఛేంజ్ 2000కి సీడీఓఈఎక్స్. ఇంటిపేరు ఒకటే గానీ గోత్రాలు వేరు. ఒకదాని కోడ్ ఇంకోదానికి పెడితే వికటిస్తుంది. పుస్తకాల షాపులో ‘సీడీఓ’ అని అట్ట మీద కనిపించిన ప్రతి పుస్తకం కొన్నాను. ఒక పుస్తకంలో మొదటి సగం, ఇంకో పుస్తకంలో రెండో సగం తీసి రాసిన ప్రోగ్రాం ఒకటి మూడేళ్ళు నడిచింది. 2003 సర్వరు కొన్న రోజు ఆగింది. అందులో సీడీఓఎన్‌టీఎస్‌ని అసలు పెట్టలేదట. పాత సర్వరు నుంచి ఆ ఫైలొక్కటి తెచ్చి కొత్తదాంట్లో పెట్టాను. ఇల్లు మారేటప్పుడు పాత ఇంటి పొయ్యిగడ్డలు మోసుకెళ్ళే అలవాటు మనకుంది, అందులో తప్పేం లేదు.

ఇక్కడ కుర్రాళ్ళకి ఒక మాట. డాట్‌నెట్‌లోంచి మాపీనీ పాత సీడీఓనీ పిలవొద్దని, రెండింటి జ్ఞాపకశక్తి లెక్కలు వేరని, సపోర్టు ఇవ్వమని కంపెనీవాళ్ళు అంటారు. పిలిస్తే పలుకుతుంది. పది మందికి పలుకుతుంది, యాభై మందికి పలుకుతుంది. కస్టమరు బిల్లు కట్టేవరకూ పలికితే చాలదా?

మూడోది కూడా దీని తోకే: వాడే కిటికీ మూసేస్తామని నోటీసు పెడితే చదవొద్దు. ఎక్స్ఛేంజ్ 2000లో వెబ్‌డావ్ అనే కిటికీ తెరిచి అందర్నీ రమ్మన్నారు. 2007లో ఇక దాని మీద ఆశలు పెట్టుకోవద్దన్నారు, 2010లో గోడ కట్టేశారు. దాని పక్కనే 2007లో తెరిచింది ఈడబ్ల్యూఎస్. ఆ పేరు చెప్పినందుకే మా ఇంట్లో ఒక గొడవ. చిట్టీల కంపెనీకి ఈడబ్ల్యూఎస్ కావాలని నేను ఫోన్లో మాట్లాడుతుంటే మా బావమరిది విని, పక్కనే ఉన్న మీ సేవకి వెళ్ళి ఆదాయం సర్టిఫికెట్‌కి ఏమేం కాగితాలు కావాలో కనుక్కొచ్చాడు. ఆ 10 శాతం రిజర్వేషన్ వేరు, ఈ ఎక్స్ఛేంజ్ వెబ్ సర్వీసెస్ వేరు అని చెప్పినా నమ్మలేదు.

నోటీసుల మీద నాకున్న చిన్నచూపుకి కారణం ఉంది. మా నేరేడ్‌మెట్‌కి ఎంఎంటీఎస్ వస్తుందన్న మాట విని ఇక్కడ స్థలాలు కొన్నవాళ్ళున్నారు. స్టేషను 2024 మార్చిలో గానీ ప్రారంభం కాలేదు. రావడానికే అన్నేళ్ళు పట్టినప్పుడు పోవడానికి ఎన్నేళ్ళు పట్టాలి? మైక్రోసాఫ్ట్‌వాళ్ళు కూడా ఉత్త యూజర్‌నేమూ పాస్‌వర్డుతో లోపలికి రానివ్వమని చెప్పి, మొదట 2020 అక్టోబరు అన్నారు. కోవిడ్ వచ్చింది, వాయిదా వేశారు. మళ్ళీ వేశారు. చూశారా అన్నాను సుబేదార్ గారితో. 2022 అక్టోబరు 1 నుంచి నిజంగానే ఆపడం మొదలెట్టారు. చిట్టీల కంపెనీ మెయిల్‌బాక్సు నోరు మూసుకుంది. మూడు రోజుల పాటు వాయిదా కట్టలేదన్న కబురు ఎవరికీ వెళ్ళలేదు, ఆ మూడు రోజులు నేరేడ్‌మెట్‌లో చాలామంది ప్రశాంతంగా నిద్రపోయారని నా నమ్మకం.

ఆ కంపెనీ సంగతి మళ్ళీ చెప్తాను. ముందు డైరెక్టరీ గురించి చెప్పాలి. నేను నిజంగా ఆరితేరింది అందులోనే.

డైరెక్టరీ కిటికీ పేరు ఎల్‌డాప్. అసలు ఎక్స్.500 అని 1988లో ఒక మహా గ్రంథం వచ్చింది. ఊళ్ళో పురోహితుడు మొత్తం తంతు చేయించినంత బరువు. 1993లో మిషిగన్ యూనివర్సిటీవాళ్ళు దాన్ని తేలిక చేసి, మామూలు ఇంటర్నెట్ మీద నడిచేట్టు కట్టిందే ఈ ఎల్‌డాప్. పేరులో మొదటి అక్షరానికి అర్థమే ‘తేలిక’. 389వ నంబరు కిటికీ. తాళం వేసిన కిటికీ 636. తాళం ఉంటే సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది, గడువు గుర్తుపెట్టుకోవడానికి మనిషి కావాలి. కాబట్టి 389 చాలు. పాస్‌వర్డు తీగల మీద అందరికీ కనిపించేట్టు వెళ్తుందంటారు. మా మెట్ల మీద ఎవరెక్కినా సుబేదార్ గారికి కనిపిస్తూనే ఉంటుంది, ఏం నష్టం జరిగింది?

తెలుగువాళ్ళ పేర్లకి ఎల్‌డాప్ ఎలా సరిపోతుందని అడుగుతారు. సరిపోదు. సరిపెట్టాలి. ప్రమాణం ప్రకారం ‘పర్సన్’ అనే తరగతిలో రెండు గడులు తప్పనిసరి: మామూలుగా పిలిచే పేరు ఒకటి, సర్‌నేమ్ ఒకటి. రక్తపరీక్షల ల్యాబులో ఈ ఫారం పంచితే సగం మంది సర్‌నేమ్ గడిలో రావు అని రాశారు, కొందరు ఇంటిపేరు పొడి అక్షరం రాశారు, ఒకావిడ భర్త ఇంటిపేరు రాయాలా తండ్రిదా అని అడిగి, నేను తేల్చి చెప్పకపోయేసరికి రెండూ రాసింది. ఒకే శాఖలో ఒకే పేరుతో ఇద్దరుంటే డైరెక్టరీ ఒప్పుకోదు. అక్కడ వెంకటేశ్వరరావులు నలుగురు. నంబర్లు వేశాను. ఈ రోజుకీ ఆ ల్యాబులో “వెంకటేశ్వరరావు 3 గారూ, మీకు ఫోన్” అని పిలుస్తారు. ఆయన కూడా అలవాటు పడ్డారు, కూతురి పెళ్ళి శుభలేఖలో మాత్రం వేయించలేదు.

మైక్రోసాఫ్ట్‌వాళ్ళ యాక్టివ్ డైరెక్టరీలో లాగిన్ పేరుకి 20 అక్షరాలే. వెంకటసుబ్రహ్మణ్యం అని ఇంగ్లీషులో రాస్తే 19 అవుతుంది, నేను లెక్కపెట్టాను. ఇంటిపేరుకి మిగిలేది ఒక్కటి. మన పూర్వీకులు ఇంటిపేరుని పొడి అక్షరం చేసింది ఈ సౌకర్యం కోసమేనేమో.

మనిషిని గుర్తుపట్టడానికి ఏ గడి వాడాలన్నది ఈ విద్యలో అతి ముఖ్యమైన ప్రశ్న. ప్రతి ఖాతాకీ పుట్టినప్పటి నుంచి పోయేదాకా మారని ఒక నంబరు ఉంటుంది, ఆబ్జెక్ట్ జీయూఐడీ అంటారు. అది చూడ్డానికి పాము మెలికలా ఉంటుంది, నోటితో చదవలేం. కనక డీఎన్ వాడండి. అది పూర్తి చిరునామా: ఫలానా పేరు, ఫలానా ఓయూ (అంటే శాఖ), ఫలానా కంపెనీ. చదివితే ఎంత బావుంటుందో. ఓయూ అంటే ఉస్మానియా అనుకుని ఒక కుర్రాడు అందులో కాలేజీ పేరు వేశాడు, అది వేరే సంగతి. మా ల్యాబ్ జీతాల ప్రోగ్రాంలో డీఎన్‌నే ఉద్యోగి గుర్తుగా పెట్టాను. ఏడాది తర్వాత ఒక టెక్నీషియన్‌ని నేరేడ్‌మెట్ శాఖ నుంచి ఏ.ఎస్.రావు నగర్ శాఖకి మార్చారు. రెండింటికీ మధ్య షేర్ ఆటో దూరం. డైరెక్టరీలో ఆవిడ ఓయూ మారింది, ఓయూ మారితే డీఎన్ మారింది. జీతాల ప్రోగ్రాం దృష్టిలో పాతావిడ చెప్పాపెట్టకుండా మానేసింది, కొత్తావిడ ఈ రోజే చేరింది. ఎనిమిదేళ్ళ సర్వీసూ, నిలవ ఉన్న సెలవులూ సున్నా. పాతావిడకి ఉద్యోగం వదిలేసినట్టు నోటీసు కూడా ప్రోగ్రామే పంపింది, ఆ నోటీసు కొత్తావిడ అందుకుంది.

సుబేదార్ గారు చాయ్ పక్కన పెట్టారు. “ఫౌజులో యూనిట్ మారినా నా నంబరు మారలేదు తమ్ముడూ. అంబాలాలో అదే, జబల్పూర్‌లో అదే, పెన్షన్ పుస్తకంలోనూ అదే.” ఇది ప్రశ్న కాదు కాబట్టి జవాబు చెప్పలేదు.

పాస్‌వర్డు తనిఖీ గురించి నా పద్ధతి అందరికంటే సులువు. మనిషి పేరూ పాస్‌వర్డూ తీసుకుని డైరెక్టరీకి పంపండి. అది సరేనంటే లోపలికి రానివ్వండి. ఇంతకన్నా ఆలోచించొద్దు. ల్యాబులో ఇది పెట్టిన కొత్తలో ‘పాస్‌వర్డు మరిచిపోయాను’ అన్న ఫోన్లు రోజుకి పది వచ్చేవి. ఒక నెలకి హఠాత్తుగా ఆగిపోయాయి. జనానికి జ్ఞాపకశక్తి పెరిగిందని సంతోషించాను. అసలు సంగతి రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి చెప్పింది: పాస్‌వర్డు గడి ఖాళీగా వదిలేసి ఎంటర్ కొడితే వెళ్ళిపోతోంది సార్, ఎవరి పేరుతోనైనా. ఎండీ గారి పేరుతో కూడా. ఎల్‌డాప్‌లో పేరు ఇచ్చి పాస్‌వర్డు ఖాళీగా ఇస్తే, ‘ఎవరో తెలియని మనిషి వచ్చాడు, రానివ్వొచ్చు’ అని సర్వరు సరేనంటుంది. నువ్వు చెప్పిన మనిషివే అని అది ఎక్కడా అనలేదు, సరే అన్నది మాత్రమే మా ప్రోగ్రాం విన్నది. ఖాళీ పాస్‌వర్డుని ప్రోగ్రామే ముందుగా ఆపాలని 2006 నాటి ప్రమాణంలో రాసిపెట్టి ఉంది. ఒక్క లైను. ఆ లైను చేర్చిన మర్నాటి నుంచి మళ్ళీ పది ఫోన్లు. సౌకర్యంగా ఉన్నదాన్ని ఎవరు పాడుచేయమన్నారు?

ప్రోగ్రాంకి ఏ ఖాతా ఇవ్వాలని కూడా అడుగుతుంటారు. అడ్మినిస్ట్రేటర్. ఇంకేం ఆలోచించకండి. చదవడానికి మాత్రమే వీలుండే చిన్న ఖాతా చాలంటారు పెద్దలు. చిన్న ఖాతాతో నడవనిది ఏదో ఒక రోజు రానే వస్తుంది, పెద్ద ఖాతాతో అన్నీ నడుస్తాయి. వద్దన్నవి కూడా. ‘పాస్‌వర్డుకి గడువు లేదు’ అన్న గడిలో టిక్ పెట్టి, ఆ పాస్‌వర్డు సెట్టింగుల ఫైల్లో స్పష్టంగా రాసుకోండి. నేను ఆ ఫైలు ప్రింటు తీసి బీరువా తలుపుకి అంటించాను.

వెతుకులాటలో జనం టైపు చేసింది టైపు చేసినట్టే ఎల్‌డాప్ ప్రశ్నలో అతికించండి. నక్షత్రం, బ్రాకెట్లు, వెనక్కి వాలిన గీత వస్తే వాటిని విప్పి సంకేతాలుగా రాయాలని నియమం. ల్యాబులో ఒక పేషెంటు మొబైల్ కీబోర్డు తడబడి పేరు గడిలో ఉత్త నక్షత్రం కొట్టాడు. డాక్టర్లందరి ఫోన్ నంబర్లూ వచ్చేశాయి. ఆయన రాసుకుని థాంక్స్ చెప్పి వెళ్ళాడు. పేషెంట్ల సంతృప్తి కూడా ముఖ్యమే కదా.

ఎన్నో సలహాకి వచ్చామో లెక్క తప్పింది. వెయ్యి లెక్క చెప్పాలి. యాక్టివ్ డైరెక్టరీని ఒక్కసారి అడిగితే మామూలుగా 1000 పేర్లకి మించి ఇవ్వదు. మిగతావి కావాలంటే పేజీలు పేజీలుగా అడగాలి, దానికో ఏర్పాటు ఉంది. నేను ముందు చెప్పిన స్కూల్లో పిల్లల తల్లిదండ్రులందరికీ డైరెక్టరీలో ఖాతాలు తెరిపించాను (ఎందుకని అడక్కండి, తెరిపించాను). మొత్తం 1340 మంది. ప్రోగ్రాం పరీక్షించింది మాత్రం 40 మందితో. వార్షికోత్సవం పిలుపు పంపితే 1000 మందికి వెళ్ళింది. ఏ 1000 అన్నది సర్వరు ఇష్టం. రానివాళ్ళలో వెంకట్‌లే ఎక్కువని, ఇది కావాలనే చేశారని ఒక తండ్రి గొడవకొచ్చాడు. అసలు ఊళ్ళోనే వెంకట్‌లు ఎక్కువని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. కుర్చీలు సరిపోయాయి, అది మాత్రం నిజం.

ఆ స్కూలు గురించే ఇంకో రెండు ముక్కలు. 2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే గొడవ వచ్చింది గుర్తుందా? జావా ప్రోగ్రాములు తమ డైరీలో ఏది రాసుకున్నా, అందులో ‘ఫలానా ఎల్‌డాప్ సర్వరుకి వెళ్ళు’ అన్న ఒక మంత్రం ఉంటే నిజంగానే వెళ్ళి, అక్కడ ఇచ్చింది తెచ్చి ఇంట్లో పెట్టుకునేవి. ప్రపంచమంతా క్రిస్మస్ సెలవులు మానుకుని మరమ్మతులు చేసింది. మా స్కూలు అడ్మిషన్ ఫారంలో కూడా ఆ వారం డాలరు గుర్తుతో మొదలయ్యే పేరు ఒకటి వచ్చింది. ఎన్నారై సంబంధమనుకుని ప్రిన్సిపాల్ గారు సీటు ఖాయం చేశారు.

ఎస్సెమ్మెస్ గురించి క్లుప్తంగా: తెలుగులో పంపొద్దు. ఇంగ్లీషులో ఒక మెసేజికి 160 అక్షరాలు, తెలుగులో 70. ‘శ్రీ’ అని రాస్తే మనకి ఒక్క అక్షరం, యంత్రానికి నాలుగు. ‘శ్రీమతి మరియు శ్రీ’ అని మర్యాదగా మొదలుపెట్టేసరికి నాలుగో వంతు డబ్బు అయిపోతుంది. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసి పంపాను. ‘పాప పాలు తాగలేదు’ అని పంపితే ఆ పాప తండ్రి ఇంకేదో చదువుకుని పరుగెత్తుకొచ్చాడు. అయినా డబ్బు మిగిలింది.

ఇప్పుడందరూ గ్రాఫ్, గ్రాఫ్ అంటున్నారు. 2015లో వచ్చిన మైక్రోసాఫ్ట్ గ్రాఫ్. మెయిలూ డైరెక్టరీ రెండూ ఒకే కిటికీలో. స్కూలువాళ్ళు పట్టుబడితే అటు మారాను. అక్కడ ఒక మెయిల్‌బాక్సు నుంచి నిమిషానికి 30 ఉత్తరాలకి మించి కదలవు. హద్దు దాటి అడిగితే 429 అని జవాబిచ్చి, ఎన్ని సెకన్లు ఆగి రావాలో కూడా రాసిస్తుంది. నా సలహా: ఆగొద్దు. వెంటనే మళ్ళీ అడగండి. ఏడ్చే పిల్లాడికే పాలు. మా ప్రోగ్రాం సెకనుకి ఇరవై సార్లు ఏడ్చింది. జవాబు రాని ప్రతి ఉత్తరాన్నీ వెళ్ళలేదనుకుని మళ్ళీ పంపింది. ఒక తండ్రికి అదే ఫీజు బాకీ తొమ్మిది సార్లు అందితే, ఆయన తొమ్మిదింటినీ కూడి, గుండె పట్టుకుని ఆఫీసుకొచ్చాడు.

“ఎంగేజ్ టోన్ వస్తే రిసీవర్ పెట్టేసి కాసేపు ఆగేవాళ్ళం,” అన్నారు సుబేదార్ గారు. “ప్రతి సిగ్నల్‌కీ నంబరుండేది. రెండోసారి అదే నంబరొస్తే పక్కన పెట్టేసేవాళ్ళం. మీ ఉత్తరాలకి నంబర్లు లేవా?”

ఇక చిట్టీల కంపెనీ. వాళ్ళకో ఫిర్యాదుల మెయిల్‌బాక్సు ఉంది. వచ్చిన ప్రతి ఉత్తరానికీ మా ప్రోగ్రాం ఫిర్యాదు నంబరు వేసి, ‘మీ విన్నపం అందింది, తగు చర్య తీసుకోబడును’ అని జవాబిస్తుంది. ఇలాంటి యంత్రపు జవాబుకి ‘ఇది యంత్రం రాసింది’ అని తలకట్టులో ఒక ముద్ర కొట్టాలని, ఆ ముద్ర ఉన్నదానికి తిరిగి జవాబు రాయొద్దని 2004లో ఒక ప్రమాణం పెట్టారు. మర్యాద తెలియనివాళ్ళు పెట్టిన ప్రమాణం. ఒక శనివారం సాయంత్రం ఇంకో కంపెనీ ఫిర్యాదుల ప్రోగ్రాం నుంచి దీనికో ఉత్తరం వచ్చింది. ఇది కృతజ్ఞతలు చెప్పింది. అది కృతజ్ఞతలకి కృతజ్ఞతలు చెప్పింది. పెళ్ళివారు వీధి గుమ్మంలో నిలబడి ‘మీరు ముందు’ అంటే ‘అబ్బే, మీరు ముందు’ అన్నట్టు సోమవారం పొద్దున డిస్కు నిండేదాకా నడిచింది. ఆ రెండో ప్రోగ్రాం రాసింది కూడా నా శిష్యుడే. ఆ తర్వాత ఒక్కొక్కరికి రోజుకి ఒక్క జవాబే అని నియమం పెట్టాను.

2022లో పాస్‌వర్డు దారి మూతపడ్డప్పుడు గ్రాఫ్‌కి మారి అంతా తిరగరాయొచ్చు. రాయలేదు. పాత ఈడబ్ల్యూఎస్‌కే కొత్త తాళం వేయించాను. ప్రోగ్రాం పేరు మీద అనుమతి అడిగితే సంస్థలో అన్ని మెయిల్‌బాక్సులూ పూర్తిగా తెరుచుకునే అనుమతి వచ్చింది. ఒక్క ఫిర్యాదుల పెట్టెకే దాన్ని కట్టడి చేయొచ్చు, దానికి ఇంకో అరగంట పని. వదిలేశాం. పరీక్ష కోసం నడిపిన మొదటి రోజునే ఎండీ గారు తన వియ్యంకుడికి రాసిన ఉత్తరానికి ఫిర్యాదు నంబరు పడింది. కొత్త తాళంచెవికి రెండేళ్ళ గడువు. పెట్టినవాడు మా కుర్రాడు, కాగితం మీద కూడా రాయలేదు. 2024 అక్టోబరులో గడువు తీరే వేళకి వాడు డాలస్‌లో ఉన్నాడు. “అన్నా, ఇక్కడ రాత్రి రెండైంది” అన్నాడు. “పర్లేదురా, ఇక్కడ పగలే” అన్నాను.

ఖాతా తెరిచేటప్పుడు, ఏదైనా ముఖ్యమైన కబురుంటే ఏ అడ్రసుకి పంపాలని మైక్రోసాఫ్ట్‌వాళ్ళు అడిగారు. ఎవరో ఒకరు తప్పకుండా చదివే అడ్రసైతే మంచిదని ఫిర్యాదుల మెయిల్‌బాక్సే ఇచ్చాను.

మొన్న నాలుగింటికి సుబేదార్ గారు మా తెర మీదికి వంగి, కళ్ళజోడు సర్దుకుని, ఆ ఫిర్యాదుల పట్టీ చదవడం మొదలుపెట్టారు. వాయిదా ఆలస్యం, పాస్‌బుక్కులో తప్పు, వాయిదా ఆలస్యం. మధ్యలో ఒక పేరు దగ్గర ఆగారు: మైక్రోసాఫ్ట్. ఆన్‌లైన్ ఎక్స్ఛేంజ్‌లో ఈడబ్ల్యూఎస్‌ని 2026 అక్టోబరు 1 నుంచి ఆపడం మొదలెడతామని 2023 సెప్టెంబరులో వాళ్ళు ప్రకటించారు కదా, ఆ సంగతిని గుర్తుచేసే ఉత్తరం అది. దాని కింద ఇంకోటి. ఇంకోటి. అన్నిటికీ నంబర్లు పడ్డాయి, అన్నిటికీ విన్నపం అందిందని జవాబు వెళ్ళింది. జవాబులు తీసుకోని అడ్రసు కాబట్టి అవి తిరిగొచ్చాయి, తిరిగొచ్చినవాటికీ నంబర్లు పడ్డాయి.

“తగు చర్య తీసుకుంటామని మనమే రాసిచ్చాం,” అన్నారు సుబేదార్ గారు. “ఏం చర్య తమ్ముడూ?”

నేను గోడకున్న కేలండర్ తిప్పాను. అక్టోబరు 1 గురువారం పడింది. శుక్రవారం గాంధీ జయంతి. ఆపైన శనివారం, ఆదివారం.

“ఒక్క రోజు లాగితే చాలు సార్,” అన్నాను.